తోలు, పొలుసు, ఈక, పెంకు: బడికి నమూనాల పెట్టె తయారుచేసే పద్ధతి

జంతువుల శరీరాన్ని కప్పి ఉంచే భాగాల పాఠానికి చాలా బడుల్లో ఒక చార్టు తగిలిస్తారు. చేపకు పొలుసులు, పాముకు పొలుసులు, పక్షికి ఈకలు, నత్తకు గుల్ల. పిల్లలు అది బట్టీపట్టి రాసేస్తారు. చేప పొలుసూ పాము పొలుసూ ఒకటే అనే అపోహ మాత్రం ఇంటర్ దాకా వాళ్లతోనే వస్తుంది. నిజానికి చేప పొలుసు చర్మం లోపలి పొరలో పుట్టే ఎముకలాంటి రేకు. పాము పొలుసు చర్మం పైపొరే గట్టిపడి మడతలు పడిన భాగం. మన గోరులో ఉండే కెరటిన్ జాతి ప్రొటీనే అందులోనూ ఉంటుంది.

అందుకే ఈ పెట్టెను జంతువుల పేర్లతో కాకుండా, కప్పు దేనితో తయారైందో ఆ పదార్థంతో విడదీయాలి. కెరటిన్, రొయ్యల, పురుగుల పెంకుల్లో ఉండే కైటిన్, గుడ్డు పెంకులో, గుల్లల్లో ఉండే కాల్షియం కార్బొనేట్, ఎముక పదార్థమైన కాల్షియం ఫాస్ఫేట్. ఈ నాలుగు అరలు చాలు. ఏది ఏ అరలోకి వెళ్తుందో చాలావరకు పిల్లలే ఒక గ్లాసు వెనిగర్‌తో తేల్చుకోగలరు. కావలసిన సరుకంతా విజయవాడలోనైనా గుంటూరులోనైనా చేపల మార్కెట్, చికెన్ షాపు, మటన్ కొట్టు, కిరాణా కొట్టులో దొరుకుతుంది. అడవి జంతువు ఒక్కటీ అక్కర్లేదు.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి: సీసా మీద అసిటిక్ యాసిడ్ 4 నుంచి 5 శాతం అని రాసి ఉన్న తెల్ల వెనిగర్ ఒక లీటరు, గాజు గ్లాసులు పది, గిన్నెలు తోమే లిక్విడ్ సోపు, రంగులేని నెయిల్ పాలిష్, గాజు స్లైడులు, 10 రెట్లు పెద్దది చేసి చూపే చేతి భూతద్దం, జిప్ కవర్లు, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు, చేతి తొడుగులు, మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా. మైక్రోస్కోప్ లేని బడికి 140 రెట్లు చూపే కాగితపు ఫోల్డ్‌స్కోప్ సరిపోతుంది.

చేప పొలుసులు

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, ఈ మూడింటి పొలుసులూ గుండ్రంగా, అంచు నున్నగా ఉంటాయి. పండుగప్ప పొలుసులకు ఒక అంచున సన్నని పళ్లు ఉంటాయి. వేలు అటూ ఇటూ రాస్తే తేడా తెలిసిపోతుంది. రెండు రకాలూ తీసుకోండి. వాలుగ, జెల్ల, మార్పు చేపలకు పొలుసులే ఉండవు, ఒంటి మీద జిగురే ఉంటుంది. చేపకు పొలుసు తప్పనిసరి అన్న మాటను సరిదిద్దడానికి మార్కెట్‌లో వాలుగను ఒకసారి చూపిస్తే చాలు.

చేపలు కోసేవాళ్ల దగ్గర నేల మీద పడిన పొలుసులు ఏరుకోవద్దు. అవి చిరిగి ఉంటాయి, నాలుగు చేపలవి కలిసిపోయి ఉంటాయి. ముందే చెప్పి, వెన్నురెక్క కింద ఒంటి మధ్య భాగం నుంచి ఇరవై పొలుసులు చేత్తో పీకి ఇవ్వమనండి. చేప పక్కభాగం పొడవునా పోయే సన్నని గీత మీది పొలుసులు కూడా రెండు మూడు అడగండి. వాటికి మధ్యలో చిన్న గొట్టంలాంటి రంధ్రం ఉంటుంది. నీటిలోని కదలికను చేప పసిగట్టే అవయవాలు ఆ గొట్టం కిందే ఉంటాయి.

ఇంటికి తెచ్చాక అర లీటరు నీళ్లలో ఒక చెంచా లిక్విడ్ సోపు కలిపి పావుగంట నానబెట్టి, రెండు వేళ్ల మధ్య ఒక్కొక్కటే రుద్దాలి. జిగురూ, పొలుసుకు అంటుకున్న పలచటి చర్మమూ పూర్తిగా పోవాలి. అది మిగిలితే వారం తిరక్కుండానే కంపు కొడుతుంది, చీమలు పడతాయి. తర్వాత మంచినీళ్లలో రెండుసార్లు కడగండి. ఉప్పునీళ్లతో కడిగితే ఆరాక పొలుసు మీద స్ఫటికాలు మిగిలి మైక్రోస్కోప్‌లో గందరగోళం చేస్తాయి.

ఎక్కువమంది తప్పు చేసేది ఆరబెట్టడంలో. మన ఎండలో పళ్లెంలో పరిస్తే అరగంటలో చుట్టుకుపోతాయి, ఇక సాపు కావు. తడిగా ఉండగానే పాత పేపరు మడతల మధ్య పరిచి, పైన నాలుగు లావు పుస్తకాలు పెట్టి, నీడలో రెండు రోజులు ఉంచండి. మొదటి రోజు సాయంత్రం పేపరు మార్చండి. ఇప్పటికే చుట్టుకుపోయినవి ఉంటే పది నిమిషాలు నీళ్లలో వేసి మళ్లీ నొక్కి ఆరబెట్టవచ్చు.

భూతద్దంలో చూస్తే మధ్య బిందువు చుట్టూ దగ్గర దగ్గరగా వలయాలు కనిపిస్తాయి. చేప పెరిగినకొద్దీ పొలుసుల సంఖ్య దాదాపు అలాగే ఉండి, ఒక్కో పొలుసే అంచున పెరుగుతుంది. వలయాలు ఆ పెరుగుదల గుర్తులు. చేప వయసు లెక్కపెట్టిస్తామని మాత్రం పిల్లలకు మాట ఇవ్వొద్దు. చెరువు చేప చిన్న వయసులోనే మార్కెట్‌కు వచ్చేస్తుంది. ప్రతి వలయమూ ఒక ఏడాది కాదు.

కోడి కాలు, కోడి ఈక

పాము పొలుసుకు బదులు పెట్టెలో పెట్టదగ్గది కోడి కాలి పొలుసు. ఇది కూడా పైచర్మం నుంచి వచ్చిన కెరటినే. పక్షులకూ సరీసృపాలకూ ఉన్న దగ్గరి చుట్టరికాన్ని చూపించే నమూనా పది రూపాయలకు కూడా దొరుకుతుంటే, దాన్ని ఎందుకో పాఠాల్లో వాడరు.

చికెన్ షాపులో శుభ్రం చేయని కాళ్లు నాలుగు అడగండి. నీళ్లు బాగా వేడెక్కి, మరగడానికి ముందు దించి, అందులో కాలిని అర నిమిషం ముంచి తీస్తే పై పొర తొడుగులా ఊడివస్తుంది. మరిగే నీళ్లలో ఎక్కువసేపు ఉంచితే లోపలి చర్మం ఉడికి, రెండూ అతుక్కుని ముక్కలవుతాయి. ఊడిన తొడుగును సోపు నీళ్లతో కడిగి, చేప పొలుసులాగే పేపర్ల మధ్య ఆరబెట్టండి. గోళ్ల మీది తొడుగు కూడా ఊడుతుంది, దాన్నీ దాచండి.

ఈకలు మూడు రకాలు కావాలి: రెక్కలోని పొడుగాటి ఈక, ఒంటిని కప్పే ఈక, దాని కింద ఉండే నూగు ఈక. నాటుకోడివైతే రంగులు బాగుంటాయి. బాతు ఈకలు దొరికితే తప్పక తీసుకోండి. చచ్చిపడిన పక్షి నుంచి ఎప్పుడూ తీయొద్దు. బర్డ్ ఫ్లూ వార్తలు ఉన్న రోజుల్లో ఈకల పని పూర్తిగా ఆపేయండి. లీటరు గోరువెచ్చని నీళ్లలో నాలుగైదు చుక్కల సోపు వేసి పది నిమిషాలు నానబెట్టి, కాడ నుంచి కొన వైపే వేళ్లతో నిమరండి. ఎదురు నిమిరితే పోచలు విరుగుతాయి. కడిగి, పేపరుతో అద్ది, ఫ్యాను గాలికి ఆరబెట్టండి. తడిసినప్పుడు పాడైపోయినట్టు కనిపిస్తుంది. పూర్తిగా ఆరాక కాడ నుంచి కొనకు రెండుసార్లు నిమిరితే మళ్లీ పొందిగ్గా కుదురుకుంటుంది.

అలా కుదురుకోవడమే అసలు పాఠం. రెక్క ఈకను రెండు వేళ్లతో చీల్చి, మళ్లీ కలిపి నిమరమనండి. అతుక్కుంటుంది. పోచల పక్కన ఉండే ఇంకా సన్నని పోచలకు కొక్కేలుంటాయి, అవి జిప్పులా పట్టుకుంటాయి. నూగు ఈకకు కొక్కేలు ఉండవు. అందుకే అది విచ్చుకుని గాలిని పట్టి ఉంచి ఒంటిని వెచ్చగా ఉంచుతుంది. కడగని బాతు ఈక ఒకటి, సోపుతో కడిగింది ఒకటి పక్కపక్కన పెట్టి మీద నీటి చుక్క వేయండి. మొదటిదాని మీద చుక్క గుండ్రంగా నిలుస్తుంది, రెండోది త్వరగా తడుస్తుంది. తోక మొదట్లో ఉన్న గ్రంథి నుంచి పక్షి ముక్కుతో తీసి పూసుకునే నూనె సోపుకు పోయిందన్నమాట. ఈ ప్రయోగం కోసం రెండు ఈకలు కడగకుండా విడిగా ఉంచుకోవడం మర్చిపోవద్దు.

వెంట్రుక, ఉన్ని, గిట్ట

మేక వెంట్రుకలు, మేక గిట్ట తొడుగు మటన్ కొట్టులో అడిగితే ఇస్తారు. గొర్రె దగ్గర ఒక చిక్కుంది. మన వైపు కనిపించేది ఎక్కువగా నెల్లూరు గొర్రె. దాని ఒంటి మీద పొట్టి వెంట్రుకలే కానీ ఉన్ని ఉండదు. గొర్రె బొచ్చు తెచ్చి ఉన్ని అని అంటించిన చార్టులు అందుకే తప్పు. నిజమైన ఉన్ని కావాలంటే దక్కను గొర్రె ఉన్నితో నేసిన గొంగడి నుంచి నాలుగు పోగులు లాగండి. భూతద్దంలో ఉన్ని పోగు వంకీలు తిరిగి ఉంటుంది, నెల్లూరు గొర్రె వెంట్రుక తిన్నగా ఉంటుంది.

వెంట్రుక మీద కూడా అతి సన్నని పొలుసుల వరుస ఉంటుంది. దాన్ని చూడాలంటే అచ్చు తీయాలి. స్లైడు మీద నెయిల్ పాలిష్ పలచగా ఒక్కసారి రాయండి. అర నిమిషం ఆగి, నూనె లేకుండా సోపుతో కడిగి ఆరబెట్టిన వెంట్రుకను దాని మీద పరచండి. ఒక కొన బయటికి ఉండాలి. పది నిమిషాలు ఆరాక ఆ కొన పట్టుకుని ఒక్క లాగు లాగేయండి. మిగిలిన గాడిని మైక్రోస్కోప్‌లో చూడండి. వెంట్రుక ఊడిరాకుండా తెగిందంటే పాలిష్ మందంగా రాశారు, వెంట్రుక మునిగిపోయింది. గాడి కనిపించలేదంటే పాలిష్ ఆరిపోయాక పరిచారు. మనిషి వెంట్రుకనూ మేక వెంట్రుకనూ నేరుగా కూడా చూడండి. మధ్యలో పోయే నాళం మేకలో వెడల్పుగా, మనిషిలో చాలా సన్నగా లేదా తెగితెగి ఉంటుంది.

గిట్ట తొడుగును వేడినీళ్లలో నానబెట్టి లోపలి కండ, ఎముక పూర్తిగా తీసేశాకే ఆరబెట్టండి. కాస్త మాంసం మిగిలినా పురుగు పడుతుంది.

రొయ్య, పీత, బొద్దింక, గుల్ల

రొయ్య పొట్టు, పీత పెంకు మార్కెట్ నుంచి వస్తాయి. పీత పెంకు మందంగా ఉంటుంది కాబట్టి పరీక్షకు అదే మేలు. కండ గీకి, సోపు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. నత్త గుల్లలు కాలువ గట్ల మీద ఖాళీగా దొరుకుతాయి. బతికున్న నత్తను ముట్టుకోవద్దు. ఖాళీ గుల్లలనైనా తొడుగు వేసుకునే తీసి, మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. బొద్దింక రెక్కలు, లైటు కింద చచ్చిపడిన రెక్కల పురుగులు ఇంట్లోనే దొరుకుతాయి. రెక్కల పురుగు రెక్క మీద పారదర్శకమైన టేపు అద్ది తీస్తే వేలికి అంటుకునే పొడిలాంటిదే టేపుకూ అంటుకుంటుంది. మైక్రోస్కోప్‌లో అది పొడి కాదు, వరుసగా పేర్చిన చిన్న చిన్న పొలుసులని తెలుస్తుంది.

రొయ్య, పీత, బొద్దింకల పెంకు సాగదు. పెరగాలంటే పాతది వదలాల్సిందే. రొయ్యల రైతులు అమావాస్య, పౌర్ణమి రోజుల్లో చెరువును ప్రత్యేకంగా గమనించేది పొట్టు విడవడం కోసమే. అప్పుడే విడిచిన రొయ్య మెత్తగా ఉంటుంది, కొత్త పొట్టులో ఇంకా కాల్షియం చేరలేదు కాబట్టి. ఆక్వా కుటుంబాల పిల్లలు తరగతిలో ఉంటే ఈ భాగం వాళ్లచేతే చెప్పించండి.

వెనిగర్ పరీక్ష

ఇక అరలు తేల్చే పని. ఒక్కో గ్లాసులో 50 మిల్లీలీటర్ల వెనిగర్ పోసి ఇవి వేయండి: కోడిగుడ్డు పెంకు, నత్త గుల్ల ముక్క, పీత పెంకు, బొచ్చె పొలుసు, సన్నని కోడి ఎముక, కోడి కాలి పొలుసు, ఈక, వెంట్రుకలు. ఇంకో రెండు గ్లాసుల్లో వెనిగర్ బదులు మంచినీళ్లు పోసి ఒకదానిలో చేప పొలుసు, రెండోదానిలో పీత పెంకు వేయండి. నీళ్ల గ్లాసులు వదిలేస్తే ఫలితం తప్పుతుంది. ఎండిన చేప పొలుసు ఉత్త నీళ్లలో కూడా కొంత మెత్తబడుతుంది మరి. వెనిగర్ వల్ల ఎంత మెత్తబడిందో పోల్చుకోవడానికి అది కావాలి.

గుడ్డు పెంకు, నత్త గుల్ల, పీత పెంకుల నుంచి వెంటనే బుడగలు వస్తాయి. అవి కార్బొనేట్ కరుగుతూ వదిలే కార్బన్ డయాక్సైడ్. పెంకుకు అంటుకున్న మామూలు గాలి బుడగలు చూసి మోసపోవద్దు. వేసే ముందు నమూనాను నీళ్లలో ముంచి విదిలించండి, వేశాక చెంచాతో ఒకసారి కదపండి. మళ్లీ మళ్లీ పుట్టేవే అసలు బుడగలు. మర్నాటికి పీత పెంకు ఆకారం చెడకుండా మెత్తటి రేకులా మిగులుతుంది. ఆ మిగిలింది కైటిన్, ప్రొటీన్. మందం పెంకైతే వెనిగర్ మార్చి ఇంకో రోజు ఉంచాలి. నత్త గుల్ల మాత్రం కరిగిపోతూనే ఉంటుంది, దాంట్లో దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే.

చేప పొలుసు, కోడి ఎముక దగ్గర చెప్పుకోదగ్గ బుడగలు రావు. అలాగని ఏమీ జరగడం లేదనుకోవద్దు. ఒకటి రెండు రోజుల్లో పొలుసు బట్టముక్కలా వాలిపోతుంది, మూడు నాలుగు రోజుల్లో సన్నని ఎముక వంగుతుంది. కాల్షియం ఫాస్ఫేట్ బయటికి పోయి కొలాజెన్ అనే మెత్తటి ప్రొటీన్ మాత్రమే మిగిలింది. రెండూ ఒకేలా ప్రవర్తించడం చూశాక చేప పొలుసు ఎముక జాతిదని వేరే చెప్పక్కర్లేదు.

కోడి కాలి పొలుసు, ఈక, వెంట్రుక నానతాయే తప్ప మారవు. ఈకను కడిగి ఆరబెట్టి నిమిరితే మళ్లీ అతుక్కుంటుంది. ఇవి కెరటిన్ అరలోకి వెళ్తాయి.

బుడగలు అస్సలు రాలేదంటే వెనిగర్ పాతదో, నీళ్లు కలిపిందో. గుడ్డు పెంకు గ్లాసు పెట్టింది అందుకే. అందులో బుడగలు రాకపోతే ఆ సీసా పక్కన పడేయండి. త్వరగా అవుతుందని బాత్‌రూమ్ యాసిడ్ జోలికి పోవద్దు. అది చేతులనూ ఊపిరితిత్తులనూ కాలుస్తుంది, పైగా మెత్తటి రేకు మిగిలే దశే చూడలేరు.

వెనిగర్‌కు లొంగని బొద్దింక రెక్క, ఈక రెండూ ఒకటేనా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఒకటి కాదని సోడియం హైపోక్లోరైట్ ద్రవం, అంటే బట్టలు తెల్లబరిచే బ్లీచ్, చూపిస్తుంది. ఇది టీచరు మాత్రమే, ఆరుబయట, తొడుగులూ కళ్లద్దాలూ పెట్టుకుని చేయాలి. 30 మిల్లీలీటర్ల ద్రవంలో ఒక ఈక, ఒక బొద్దింక రెక్క వేసి వదిలేయండి. కొన్ని గంటల్లో, ద్రవం పలచనైతే మర్నాటికి, ఈక కరిగిపోతుంది. బొద్దింక రెక్క రంగు కోల్పోయినా రేకు మిగులుతుంది, కైటిన్ దానికి లొంగదు. ఈ ద్రవం వెనిగర్‌లో గానీ, టాయిలెట్ క్లీనర్లలో ఉండే యాసిడ్‌లో గానీ కలిస్తే విషవాయువైన క్లోరిన్ వస్తుంది. కాబట్టి రెండు పరీక్షలూ ఒకే రోజు, ఒకే బల్ల మీద పెట్టొద్దు.

పెట్టెలోకి రాకూడనివి

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షించే జంతువుల తోలు, కొమ్ము, ముల్లు, చిప్ప, ఈక దగ్గర ఉంచుకోవడం నేరం. అలుగు పొలుసులు, నక్షత్ర తాబేలు చిప్ప, ముళ్లపంది ముళ్లు ఎవరైనా ఇస్తామన్నా తీసుకోవద్దు. చాలామందికి తెలియనిది ముంగిస వెంట్రుకల కుంచె. బొమ్మలు వేసేవాళ్లకు అమ్మే వాటిలో అది ఉంటే అదీ నేరమే. నెమలి తోక ఈకకు చట్టంలో మినహాయింపు ఉంది, కానీ రాలిన ఈకా పీకిన ఈకా కొట్లో చూసి తేల్చలేం కనుక కొనకపోవడమే మంచిదని మా అభిప్రాయం. ఎవరి ఇంట్లోనైనా పాతది ఉంటే ఒక పోచ నలిపి చూడండి. నీలం, పచ్చ మాయమై గోధుమ రంగు పొడి మిగులుతుంది. ఆ రంగులు రంగుపదార్థం వల్ల కాదు, సూక్ష్మ నిర్మాణం మీద వెలుగు పడటం వల్ల వచ్చినవి.

పాము కుబుసం కనిపిస్తే అక్కడే ఫోటో తీయండి, పెట్టెలోకి వద్దు. పక్కన స్కేలు పెట్టి తల, నడుము వెన్ను, పొట్ట, తోక కింది భాగం, ఇలా నాలుగు ఫోటోలు. తల దగ్గర కళ్ల మీద పారదర్శకమైన గుండ్రటి మూతలు కనిపిస్తాయి. పాముకు కనురెప్పలు లేవు, ఆ మూత కూడా కుబుసంతో పాటే ఊడుతుంది. కట్లపాముదైతే వెన్ను మధ్య వరుసలో పొలుసులు పెద్దవిగా, ఆరు పలకలుగా ఉంటాయి. రక్తపింజరదైతే ఒక్కో పొలుసు మధ్యలో గట్టులాంటి గీత ఉంటుంది. కుబుసం సాగుతుంది కనుక దాని పొడుగు పాము పొడుగు కంటే ఎక్కువే. కొలిచి పిల్లల్ని భయపెట్టొద్దు. కుబుసం తాజాగా, మెత్తగా ఉంటే మాత్రం చుట్టుపక్కల జాగ్రత్తగా చూసుకోండి.

సొర చేప చర్మం చూడాలంటే నిజాంపట్నం హార్బరు వైపు వెళ్లినప్పుడు అక్కడే చూడండి, కొన్ని జాతులకు చట్టరక్షణ ఉంది కాబట్టి కొనొద్దు. తల నుంచి తోకకు వేలు రాస్తే నున్నగా, ఎదురు రాస్తే గరుకు కాగితంలా తగులుతుంది. దాని పొలుసులు నిర్మాణంలో పళ్ల వంటివి.

బతికున్న వాటి మీదే చూడాల్సినవి

ఒంగోలు ఎద్దు పక్కభాగంలో తెల్లటి వెంట్రుకలను వేలితో పాయ తీస్తే కింద చర్మం నల్లగా ఉంటుంది. పై తెలుపు ఎండను తిప్పికొడుతుంది, కింది నలుపు అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. పక్కనే గేదె ఉంటే పోలిక పూర్తవుతుంది: నల్లటి చర్మం, పలచటి వెంట్రుకలు, ఆవు కంటే తక్కువ చెమట గ్రంథులు. అందుకే అది మధ్యాహ్నం నీళ్లలోనో బురదలోనో దిగాలి. గుంటూరు దగ్గర లాం ఫాంలో ఒంగోలు పశువులుంటాయి, ముందుగా అనుమతి అడగండి. ఎక్కడైనా సరే యజమాని తల దగ్గర నిలబడితేనే పిల్లల్ని పక్క నుంచి పంపాలి, వెనక నుంచి వద్దు.

కప్పను పట్టుకుని చూపించాలనుకుంటే శానిటైజర్ రాసిన చేతులతో వద్దు. దాని చర్మం నీటినీ గాలినీ లోపలికి పీల్చుకుంటుంది, మన చేతి మీది మందు కూడా లోపలికి పోతుంది. దూరం నుంచి చూడటమే మంచిది. బొడిపెల కప్పకు కళ్ల వెనక ఉబ్బిన గ్రంథుల్లో విషద్రవం ఉంటుంది, పొరపాటున ముట్టుకుంటే సోపుతో చేతులు కడగాలి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు పక్షుల కేంద్రంలో గూడబాతులు ముక్కుతో తోక మొదలు తడిమి ఈకలకు నూనె రాసుకోవడం బైనాక్యులర్‌లో స్పష్టంగా చూడొచ్చు. అక్కడ రాలిన ఈకలు తేవద్దు.

నిల్వ

ఆరిన నమూనాలను జిప్ కవర్లో గాలి పిండేసి ఇంట్లో ఫ్రిజ్‌లోని ఫ్రీజర్ అరలో, అంటే దాదాపు సున్నాకు 18 డిగ్రీల కింద, రెండు వారాలు ఉంచండి. ఈకలూ వెంట్రుకలూ తినే పురుగుల గుడ్లు అప్పుడు చస్తాయి. బయటికి తీశాక ఒక రోజు కవరు విప్పొద్దు, చల్లటి నమూనాకు తేమ పట్టి బూజు వస్తుంది. తర్వాత డబ్బాలో సిలికా జెల్‌తో సర్దండి. ఎండిన వేపాకులు వేసి వదిలేస్తే సరిపోదు. కలరా ఉండలు పిల్లలు తెరిచే పెట్టెలో పెట్టొద్దు, వాటి ఆవిరి హానికరం.

అట్టకు అంటించడానికి సెల్లో టేపు వాడితే మే నెల వేడికి జిగురు కారి ఈక పాడవుతుంది. ఈక కాడను దారంతో అట్టకు కుట్టండి. పొలుసులను రెండు స్లైడుల మధ్య పెట్టి అంచులకు మాత్రమే కాగితం అంటించండి. చీటీ మీద జంతువు, ఒంట్లో ఏ చోటిది, ఎక్కడ ఎప్పుడు తెచ్చింది, వెనిగర్‌లో ఏమైంది, ఈ నాలుగూ పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా తేమకు పాకుతుంది.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా పదిహేను రోజులకోసారి డబ్బా తెరిచి చూడండి. కింద సన్నని పొడి గానీ, పురుగు విడిచిన గోధుమరంగు పొట్టు గానీ కనిపిస్తే ఆ నమూనా ఒక్కదాన్నే కాదు, డబ్బా మొత్తాన్నీ మళ్లీ రెండు వారాలు ఫ్రీజర్‌లో పెట్టాలి.